పళ్లకు క్లిప్పులు ఎప్పుడు వేయించాలి?

పిల్లాడి పళ్లు వంకరగా వస్తున్నాయని తల్లి కంగారుపడితే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "పాలపళ్లన్నీ ఊడనీ, పన్నెండో పదమూడో ఏడు రానీ, అప్పుడు క్లిప్పులు వేయిద్దాం." చాలామంది పిల్లల విషయంలో ఈ మాట నిజమే. కొందరి విషయంలో మాత్రం అలా ఆగితే, నాలుగు నెలల్లో తేలిగ్గా సరిపోయే ఇబ్బంది పళ్లు పీకించుకునే దాకా, ఒక్కోసారి దవడ ఆపరేషన్ దాకా పోతుంది. ఇంకోవైపు, ఏడేళ్ల పిల్లకు అవసరం లేకుండానే చికిత్స మొదలుపెట్టి ఏళ్ల తరబడి క్లినిక్ చుట్టూ తిరిగే కుటుంబాలూ ఉన్నాయి. అందుకే మెటల్ క్లిప్పులా, అలైనర్లా అని ఆరా తీసే ముందు ఏ ఇబ్బందికి ఏ వయసులో వెళ్లాలో తెలుసుకోవడం ముఖ్యం.

ముందుగా, నోట్లో ఏం జరుగుతోందో చూద్దాం. పాలపళ్లు 20. ఆరో ఏట మొదటి శాశ్వత దవడపన్ను వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండానే, చివరి పాలపన్ను వెనకాల చిగురు చీల్చుకుని వస్తుంది కాబట్టి దీన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చు పట్టినా "ఎలాగూ ఊడిపోయేదేగా" అని వదిలేస్తారు. అది ఊడిపోయేది కాదు, పోతే మళ్లీ వచ్చేదీ కాదు. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పళ్ల అమరికను వర్గీకరించినప్పుడు ఈ పన్నునే కొలబద్దగా పెట్టుకున్నాడు. ఇప్పటికీ డాక్టర్లు కేస్ షీట్‌లో క్లాస్ వన్, క్లాస్ టూ, క్లాస్ త్రీ అని రాసేది ఆ లెక్కనే. క్లాస్ వన్ అంటే పై, కింది దవడపళ్లు సరైన అమరికలో ఉండడం. క్లాస్ టూ అంటే చాలావరకు కింది దవడ వెనక్కి ఉండి పై పళ్లు ఎత్తుగా కనిపించడం. క్లాస్ త్రీ అంటే కింది దవడ ముందుకు రావడం, లేదా పై దవడ సరిగ్గా ఎదగకపోవడం.

ఆరు నుంచి ఎనిమిదేళ్ల లోపు ముందు పళ్లు మారతాయి. అక్కడ కాస్త విరామం. పది దాటాక పక్క పళ్లు, పదకొండు పన్నెండేళ్లకు పై కోరపళ్లు, పన్నెండుకు రెండో దవడపళ్లు వస్తాయి. ఈ మధ్యకాలంలో నోరు చూడ్డానికి గందరగోళంగా ఉంటుంది. అందులో చాలా భాగం సహజమే.

ఆరేళ్లప్పుడు కింది ముందుపన్ను, పాలపన్ను ఊడకముందే లోపలివైపు నుంచి మొలిచి రెండు వరసలుగా కనిపిస్తుంది. చాలాసార్లు పాలపన్ను దానంతటదే ఊడుతుంది, నాలుక తోపుడుకు కొత్త పన్ను ముందుకు జరుగుతుంది. రెండు మూడు నెలలైనా పాలపన్ను కదలకపోతే డెంటిస్టు తీసేస్తే సరిపోతుంది. అలాగే ఎనిమిది, తొమ్మిదేళ్లప్పుడు పై ముందు పళ్ల మధ్య సందు వచ్చి, అవి విసనకర్రలా బయటికి విచ్చుకుని ఉంటాయి. ఎముకలో పైన ఉన్న కోరపళ్లు పక్క పళ్ల వేళ్లను నొక్కడం వల్ల అలా కనిపిస్తాయి. కోరపళ్లు దిగాక ఆ సందు చాలామందిలో మూసుకుపోతుంది. సందు మరీ వెడల్పుగా ఉన్నా, పెదవిని చిగురుకు కలిపే కండ మందంగా కిందిదాకా ఉన్నా డాక్టరుకు చూపించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. సందు మూయడానికి రెండు పళ్లకూ కలిపి రబ్బరు బ్యాండు వేసే చిట్కా వీడియోల్లో తిరుగుతోంది. పన్ను మొదట్లో వెడల్పు, వేరు చివర సన్నం. కాబట్టి బ్యాండు మెల్లగా జారి చిగురు కిందికి వెళ్లిపోతుంది. బయటికి కనిపించదు. వేరు వెంట పైకి పాకుతూ పన్నును పట్టి ఉంచే ఎముకను తినేస్తుంది. చివరికి ఆరోగ్యంగా ఉన్న రెండు ముందు పళ్లూ వదులై ఊడిపోయిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఇంట్లో పిల్లలు ఈ చిట్కా ప్రయత్నించకుండా చూడండి.

ఇక ఆగకూడనివి. పై పళ్లు కింది పళ్లను ముందునుంచి కప్పుతూ ఉండాలి. పై ముందుపన్ను ఒక్కటి కింది పళ్ల వెనక్కి వెళ్లి ఇరుక్కుంటే, నమిలినప్పుడల్లా కింది పన్ను దెబ్బ తిని, దాని చిగురు కిందికి జారిపోతుంది. ఎనిమిదేళ్లప్పుడు చిన్న స్ప్రింగ్ ఉన్న ప్లేటు పెడితే కొద్ది నెలల్లో ఆ పన్ను ముందుకు వస్తుంది. పక్కల్లో కూడా అంతే. పై అంగిలి ఇరుకైతే, నోరు మూసేటప్పుడు పిల్లలు కింది దవడను ఒక పక్కకు జరిపి మూస్తారు. అలా ఏళ్ల తరబడి సాగితే ముఖం ఒక పక్కకు ఎదిగే ప్రమాదం ఉంది. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే అతుకు చిన్నతనంలో మెత్తగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పాండర్‌తో వెడల్పు చేయొచ్చు. యుక్తవయసు దాటేకొద్దీ ఆ అతుకు గట్టిపడుతుంది.

కింది దవడ ముందుకు వచ్చే పిల్లల్ని, అందులోనూ తండ్రికో తాతకో అలాంటి గడ్డం ఉంటే, ఏడెనిమిదేళ్లకే చూపించాలి. నుదురు, గడ్డం ఆధారంగా ముఖానికి పెట్టే ఫేస్ మాస్క్ పై దవడను ముందుకు లాగుతుంది. ఇది పదేళ్ల లోపు బాగా పనిచేస్తుంది. అందరిలోనూ ఆపరేషన్ తప్పిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గానీ, అవసరం తగ్గే అవకాశం మాత్రం ఉంది.

మన దగ్గర ఎక్కువగా నష్టం చేసేది మాత్రం పుచ్చిపోయిన పాల దవడపళ్లను నిర్లక్ష్యం చేయడం. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం, పొద్దస్తమానం బిస్కెట్లు, చాక్లెట్లు తినడం వల్ల నాలుగైదేళ్లకే అవి పుచ్చుతాయి. నొప్పి వస్తే పీకించి ఊరుకుంటాం. ఆ పాలపన్ను కింద రావాల్సిన శాశ్వత పన్ను పదీ పదకొండేళ్లకు గానీ రాదు. ఈలోగా వెనకున్న ఆరేళ్ల దవడపన్ను ఆ ఖాళీలోకి వాలిపోతుంది. కొత్త పన్నుకు చోటుండదు, ఎముకలోనే చిక్కుకుంటుంది, లేదా పక్కకు పొడుచుకొస్తుంది. పన్ను తీసిన కొన్నాళ్లకే స్పేస్ మెయింటెయినర్ అనే చిన్న తీగ రింగు పెట్టిస్తే ఆ చోటు నిలుస్తుంది. క్లిప్పుల ఖర్చుతో పోలిస్తే దాని ఖర్చు బహు తక్కువ. పాలపన్ను పీకేటప్పుడు "ఖాళీ ఉంచడానికి ఏమైనా పెట్టాలా డాక్టరుగారూ?" అని ఒక్క మాట అడగండి.

వేలు చీకే అలవాటు చాలామంది పిల్లలు మూడు నాలుగేళ్లకు మానేస్తారు. ముందు శాశ్వత పళ్లు వచ్చే వయసుకూ సాగితే పై పళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. నోరు మూసినా ముందు పళ్లు కలవవు. వేపనూనె రాయడం, నలుగురిలో తిట్టడం కంటే, మానిన రోజుకో గుర్తు పెట్టి మెచ్చుకోవడం మేలు. ఫలితం లేకపోతే అంగిలికి అమర్చే అలవాటు మాన్పించే ప్లేటు ఉంది. నోటితో గాలి పీల్చే పిల్లల సంగతి వేరు. రాత్రి నోరు తెరుచుకుని గురకపెట్టే పిల్లాడికి ముందుగా చూడాల్సింది ముక్కు, దాని వెనకుండే ఎడినాయిడ్ గ్రంథులు. ఈఎన్‌టీ డాక్టరు దారి తెరవకుండా పళ్లను సరిచేసినా అది నిలిచేది కష్టం.

పదేళ్లు నిండిన పిల్లల విషయంలో ఇంట్లో చేయగల పరీక్ష ఒకటుంది. చేతులు కడుక్కుని, పై పెదవి ఎత్తి, పాల కోరపన్ను వేరు ఉండే చోట చిగురు మీద చూపుడువేలితో మెల్లగా తడిమి చూడండి. రెండు పక్కలా గట్టిగా ఉబ్బెత్తుగా తగిలితే శాశ్వత కోరపన్ను సరైన దారిలో దిగుతున్నట్టు. ఒక పక్క తగిలి రెండో పక్క తగలకపోతే, అది అంగిలి వైపు దారి తప్పి ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించాలి. వందలో ఇద్దరికి ఇలా జరుగుతుంది. అప్పుడే పట్టుకుంటే పాల కోరపన్ను తీసేయడంతోనే చాలాసార్లు కొత్తది దారికొస్తుంది. పదిహేనేళ్లకు బయటపడితే చిగురు కోసి, పన్నుకు గొలుసు తగిలించి కిందికి లాగాలి. ఈలోపు అది పక్క పన్ను వేరును తినేసినా తినేయొచ్చు.

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ ఏడేళ్ల లోపు ఒకసారి చూపించమని చెప్పేది ఇలాంటివి పట్టుకోవడానికే. చూపించడం అంటే క్లిప్పులు వేయించడం కాదు.

ఎత్తు పళ్ల విషయంలో తొందర గురించి పెద్ద చర్చే జరిగింది. ఏడెనిమిదేళ్లకే ఒకసారి, మళ్లీ పదమూడేళ్లకు ఒకసారి చికిత్స చేసిన పిల్లల్నీ, పదమూడేళ్లకే ఒక్కసారి చేసిన పిల్లల్నీ అమెరికాలో, బ్రిటన్‌లో జాగ్రత్తగా పోల్చి చూశారు. చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ముందుగా చేసినవాళ్లలో ముందు పళ్లు విరగడం మాత్రం తక్కువ. కాబట్టి పళ్లు బాగా ఎత్తుగా ఉండి, ఆటల్లో పడి దెబ్బలు తినే పిల్లాడికి, బడిలో ఎగతాళితో కుమిలిపోతున్న పిల్లకు ముందుగా చేయడంలో అర్థముంది. మిగతావాళ్లు ఎత్తు పెరిగే వయసు దాకా ఆగొచ్చు. ఆడపిల్లల్లో అది పదీ పన్నెండేళ్ల మధ్య, మగపిల్లల్లో రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఆ ఎదుగుదలను ఆసరా చేసుకునేదే ట్విన్ బ్లాక్. స్కాట్లాండ్ డెంటిస్టు విలియం క్లార్క్ 1970లలో తయారుచేసిన ఈ రెండు ప్లేట్ల పరికరం నోరు మూసినప్పుడల్లా కింది దవడను ముందుకు జరుపుతుంది. డాక్టరు చెప్పినన్ని గంటలు పెట్టుకుంటేనే ఫలితం. పెట్టెలో పెట్టేస్తే ఏడాది వృథా.

గొగ్గి పళ్లకు, పన్ను మీద పన్నుకు పూర్తి క్లిప్పులు వేసేది శాశ్వత పళ్లన్నీ వచ్చాక. మామూలుగా పద్దెనిమిది నెలల నుంచి రెండేళ్లు పడుతుంది, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లాలి. మన పిల్లల చదువుల లెక్కన చూస్తే ఎనిమిదో తరగతి మంచి సమయం. పదో తరగతిలో మొదలుపెడితే ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీలో చేరతారు, నెలనెలా బయటికి పంపరు, తెగిన తీగ చెంపకు గుచ్చుకుంటున్నా సెలవులదాకా ఓర్చుకోవాలి. ఎమ్మెస్‌కు విదేశాలకు వెళ్లబోయేవాళ్లూ ఇదే లెక్క చూసుకోవాలి. సగంలో డాక్టరు మారితే ఖర్చూ సమయమూ రెండూ పెరుగుతాయి.

చికిత్సకు ముందు ఓపీజీ (పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రే), పక్కనుంచి తీసే తల ఎక్స్‌రే, ఫొటోలు, పళ్ల అచ్చులు లేదా స్కాన్ తీస్తారు. ఇవేమీ లేకుండా మొదటిరోజే క్లిప్పులు అతికిస్తానంటే అక్కడ ఆగి ఆలోచించాలి.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న అందరినీ కలవరపెట్టేది: పళ్లు పీకాలా? దవడలో చోటు తక్కువై పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కినా, రెండు వరసలూ ముందుకొచ్చి పెదాలు మూసుకోవడమే కష్టమైనా, కోరపన్ను వెనకున్న చిన్న దవడపళ్లను తీసి ఆ చోటు వాడుకుంటారు. "బయటికి పొడుచుకొచ్చిన ఆ కోరపన్నునే పీకేయొచ్చుగా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. కోరపన్ను వేరు నోట్లో అన్నిటికంటే పొడుగు. నోటి మూలలో నిలబడి పెదవికి ఆసరా ఇస్తుంది. ఆలస్యంగా రావడం వల్ల చోటు దొరక్క బయటికి వచ్చిందే తప్ప తప్పు దానిది కాదు. దాన్ని ఉంచి వెనకదాన్ని తీస్తారు. ఇక పై పళ్లు పీకితే కంటిచూపు పోతుందన్న భయం ఇప్పటికీ పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. పై పళ్లకు స్పర్శనిచ్చే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీయడం వల్ల చూపు పోదు. అయితే పీకడం అందరికీ అవసరం లేదు. కొద్దిపాటి ఇరుకైతే పళ్ల పక్కల్ని పూచికపుల్లంత మందం కూడా లేకుండా అరగదీసి, లేదా ఎముకలో బిగించే మినీ స్క్రూల సాయంతో వెనక్కి జరిపి చోటు చేయొచ్చు. ఎందుకు తీస్తున్నారో, తీయకపోతే ఏమవుతుందో డాక్టరు చేత ఎక్స్‌రే చూపించి చెప్పించుకోవడం మీ హక్కు.

క్లిప్పులు వేసేటప్పుడు నొప్పి ఉండదు. పంటి మీద ఆమ్లపు జెల్లీ అర నిమిషంలోపు పూసి కడుగుతారు. ఆరబెట్టగానే అక్కడ పింగాణీ మెరుపు పోయి సుద్దముక్కలా తెల్లగా మసకబారుతుంది. ఆ గరుకుదనంలోకి జిగురు పట్టి బ్రాకెట్ అనే చిన్న బిళ్ల అతుక్కుంటుంది. నీలికాంతి లైటు పెట్టి గట్టిపరుస్తారు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో పెరిగినవాళ్ల పళ్లమీద ఆమ్లం సరిగ్గా పట్టదు, బిళ్లలు తరచూ ఊడతాయి. మీది అలాంటి ఊరైతే ముందే చెప్పండి. జెల్లీ ఎంతసేపు ఉంచాలో, ఏ జిగురు వాడాలో డాక్టరు దాన్నిబట్టి మార్చుకుంటారు.

నొప్పి సాయంత్రం నుంచి మొదలై మూడు నాలుగు రోజులుంటుంది. పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని లేదు. మధ్యలో పావు మిల్లీమీటరు మందమున్న నారపొర ఉంది. తీగ నెట్టినవైపు ఎముక కరుగుతుంది, వదిలినవైపు కొత్తది పేరుకుంటుంది. అలా పన్ను నెలకు సుమారు మిల్లీమీటరు కదులుతుంది. గట్టిగా బిగిస్తే తొందరగా అవుతుందనుకోవడం పొరపాటు, అలా చేస్తే వేళ్లు అరిగి పొట్టివయ్యే ప్రమాదం ఉంది. ఆ నాలుగు రోజులూ పెరుగన్నం, ఇడ్లీ, మెత్తటి పప్పన్నం పెట్టండి. బిళ్ల గుచ్చుకునే చోట డాక్టరు ఇచ్చే మైనం అద్దండి.

తిండి విషయంలో చెరుకు, పల్లీపట్టీ, పచ్చి జామకాయ, మొక్కజొన్న కంకి, ఆవకాయ టెంక కొరకడం మానుకోవాలి. సంక్రాంతి సకినాలు, జంతికలు తినాలంటే చిన్న ముక్కలు చేసి వెనక పళ్లతో నమలాలి. సిరామిక్ క్లిప్పులు వేయించుకున్నవాళ్లకు ఇంకో చిక్కు: బిళ్లలు తెల్లగానే ఉంటాయి గానీ, వాటిచుట్టూ వేసే పారదర్శకమైన రబ్బరు రింగులు మన పసుపు కూరలకు రెండు రోజుల్లో పచ్చబడతాయి. మళ్లీ వెళ్లేదాకా అంతే.

తిన్న ప్రతిసారీ బ్రష్ చేసుకోవడం, తీగ కింద దూరే సన్నటి బ్రష్ వాడడం, ఫ్లోరైడ్ పేస్టు, ఇవి బతిమాలైనా చేయించాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత క్లిప్పులు తీసేసరికి పళ్లు వరసగా ఉంటాయి, ఒక్కో పంటిమీద బిళ్ల చుట్టూ చదరంగా తెల్లమచ్చ ఉంటుంది. ఆ మచ్చలు పుచ్చుకు మొదటి మెట్టు. చాలాసార్లు పూర్తిగా పోవు.

రకాల సంగతి త్వరగా చెప్పొచ్చు. మామూలు మెటల్ క్లిప్పులు ఎంత క్లిష్టమైన కేసునైనా చేయగలవు, ఖర్చు తక్కువ. సిరామిక్ కంటికి తక్కువ కనిపిస్తాయి, కాస్త పెళుసు. రబ్బరు రింగులు అక్కర్లేని సెల్ఫ్ లైగేటింగ్ రకం చికిత్సను బాగా తొందరపెడుతుందన్న ప్రచారానికి పరిశోధనల్లో బలం దొరకలేదు. 1997లో మొదలైన అలైన్ టెక్నాలజీ తెచ్చిన పారదర్శక తొడుగుల తరహా అలైనర్లు కొద్దిపాటి, మధ్యస్థ ఇబ్బందులకు బాగా పనికొస్తాయి. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకునే క్రమశిక్షణ ఉండాలి. కాఫీకి తీసి, టిఫిన్‌కు తీసి, మరిచిపోయేవాళ్లకు అవి డబ్బు దండగ. డాక్టరు నోరు చూడకుండా పోస్టులో పంపే అలైనర్లు మాత్రం వద్దు. అమెరికాలో ఆ వ్యాపారం నడిపిన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను అలాగే వదిలేసింది.

పెద్దవాళ్లకూ క్లిప్పులు వేస్తారు, వయసు అడ్డు కాదు. కానీ నలభై దాటాక ముందు పళ్ల మధ్య కొత్తగా సందు వస్తే అది చాలాసార్లు చిగుళ్ల జబ్బుకు గుర్తు. చిగుళ్లు బాగుచేయకుండా పళ్లు కదిలిస్తే ఉన్నవీ ఊడతాయి. షుగర్ అదుపులో ఉండాలి. ఎముకల మందులు వాడుతుంటే చెప్పాలి. దవడల తేడా ఎక్కువగా ఉన్నవాళ్లకు ఎదుగుదల ఆగాక క్లిప్పులతో పాటు ఆపరేషన్ చేస్తారు. పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని అమ్మాయి ఆరోగ్యమైన పళ్లను అరగదీయించి తొడుగులు వేయించే పని మాత్రం దయచేసి చేయకండి. ఒకసారి అరగదీసిన పంటి పైపొర తిరిగి రాదు. తొడుగులు జీవితాంతం మారుస్తూ ఉండాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఐదేళ్ల బీడీఎస్ తర్వాత మూడేళ్లు ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ల దగ్గరికి. చాలా క్లినిక్‌లకు ఆర్థోడాంటిస్టు నెలకు ఒకటి రెండు రోజులు వస్తారు. ఆయన పేరు, వచ్చే రోజులు అడిగి తెలుసుకోండి. ఖర్చు భరించలేనివాళ్లకు డెంటల్ కాలేజీలున్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ లాంటి చోట్ల పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తక్కువ ఖర్చుతో చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, ఓపిక కావాలి. ఎక్కడైనా సరే మొత్తం ఖర్చు కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌రేలు, ఊడిన బిళ్లలు, చివర్లో పళ్లను నిలిపి ఉంచే రిటైనర్లు అందులో ఉన్నాయో లేదో చూడండి.

రిటైనర్ల గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తికాదు, ఎందుకంటే డబ్బూ రెండేళ్ల కష్టమూ ఎక్కువగా నీళ్లపాలయ్యేది ఇక్కడే. క్లిప్పులు తీసిన రోజు పళ్లు వరసలో ఉన్నా, చిగుళ్లలోని నారలు పాత చోటికే లాగుతుంటాయి. అందుకే ముందు పళ్ల లోపలివైపు సన్నటి తీగ అతికిస్తారు, లేదా తీసిపెట్టుకునే ప్లేటు ఇస్తారు. మొదటి నెలల్లో ఎంతసేపు పెట్టుకోవాలో డాక్టరు చెబుతారు, ఆ తర్వాత రాత్రిళ్లు చాలు. ఎన్నేళ్లు అంటే, పళ్లు ఆ వరసలో ఉండాలనుకున్నన్నాళ్లు. రిటైనరును వేడినీళ్లలో కడిగితే వంకరపోతుంది. హోటల్లో టిష్యూలో చుట్టి పెడితే ఎంగిలి ప్లేటుతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. పోయినా, విరిగినా, పెట్టుకుంటే బిగుతుగా అనిపించినా పరీక్షలు అయ్యాక చూద్దామనుకోకుండా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. వారం ఆలస్యమైతే కొత్త రిటైనరుతో పోతుంది. ఏడాది ఆలస్యమైతే మళ్లీ క్లిప్పులే.